నాలుగు గ్లాసుల పరీక్ష

మగవారికి మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, పొత్తికడుపు కింద నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టడం ఈనాటి బాధ కాదు. సుశ్రుత సంహిత మూత్రాఘాతాలను, అంటే మూత్రం సరిగా సాగని జబ్బులను, 12 రకాలుగా, మూత్రాశయంలో రాళ్లను 4 రకాలుగా విడదీసి చెప్పింది. మధ్యయుగాల ఐరోపా వైద్యులు మూత్రాన్ని గాజు బుడ్డిలో పట్టి, వెలుతురులో పైకెత్తి, రంగుల పట్టికతో పోల్చి జబ్బు నిర్ణయించేవారు. కొందరైతే రోగి ముఖం కూడా చూసేవారు కాదు. ఆ మూత్ర జోస్యాన్ని ఎండగడుతూ 1637లో థామస్ బ్రయన్ ఏకంగా పుస్తకమే రాశాడు. జబ్బుల పేర్లకు ఎన్నడూ కొరత లేదు, కారణమే చిక్కలేదు. అందుకు వైద్యుల తెలివిని తప్పుపట్టలేం. మూత్రాన్నంతా ఒకే పాత్రలో పట్టి చూడటమే అసలు చిక్కు అని నా నమ్మకం. కిడ్నీల్లో తయారైన మూత్రం మూత్రాశయంలో నిలిచి, ప్రోస్టేట్ గ్రంథి మధ్యగా సాగి, మూత్రనాళం గుండా బయటికొస్తుంది. దోషం ఈ దారిలో ఎక్కడుందో ఒక్క బుడ్డి ఎలా చెబుతుంది?

ఆ ప్రశ్నకు గట్టి జవాబు 1968లో వచ్చింది. అంతకుముందు గనేరియా రోగులకు రెండు గ్లాసుల పరీక్ష ఉండేది గానీ, అది కంటితో చూసి చెప్పేదే. అమెరికా వైద్యులు ఎడ్విన్ మియర్స్, థామస్ స్టేమీ మూత్రాన్ని భాగాలుగా పట్టి, ఒక్కో భాగంలో బాక్టీరియాను విడివిడిగా లెక్కించారు. ఇదే నాలుగు గ్లాసుల పరీక్ష. మూత్రాశయం నిండిన రోగి మొదటి 10 మిల్లీలీటర్లు ఒక సీసాలో పోస్తాడు. మరికొంత వదిలేశాక మధ్య ధారను రెండో సీసాలో పట్టి ఆపుకుంటాడు. అప్పుడు డాక్టర్ మలద్వారంలో వేలుపెట్టి ప్రోస్టేట్‌ను మెల్లగా ఒత్తుతాడు. దిగివచ్చిన చుక్కలు మూడో సీసాలోకి, ఆ వెంటనే వచ్చే 10 మిల్లీలీటర్లు నాలుగో దానిలోకి వెళతాయి. మొదటి సీసాలో బాక్టీరియా ఎక్కువైతే దోషం మూత్రనాళంలో ఉన్నట్టు. మధ్య ధార శుభ్రంగా ఉండి, చివరి రెండింటిలో లెక్క మొదటిదానికి పదింతలైతే ప్రోస్టేట్‌లో ఉన్నట్టు. కొందరికి అదే బాక్టీరియా మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోందో ఇక్కడే తేలింది. మందు మూత్రాన్ని శుభ్రం చేస్తుంది, కానీ చాలా యాంటీబయాటిక్‌లు ప్రోస్టేట్‌లోకి సరిగా చొరబడవు. కోర్సు ముగియగానే అక్కడ దాగినవి మళ్లీ బయలుదేరతాయి.

1879లో మాక్స్ నీట్జె వియన్నాలో ప్రదర్శించిన, మూత్రాశయం లోపలికి చూసే సిస్టోస్కోపు ఇంతకన్నా గొప్పది కాదా అని అడగవచ్చు. రాళ్లనూ గడ్డలనూ కళ్లకు కట్టిన పరికరం అది, సందేహం లేదు. కానీ ప్రోస్టేట్ లోపల పొంచి ఉన్న బాక్టీరియాను అద్దాలు చూపించలేవు. ఇంతకన్నా బలమైన ఆక్షేపణ ఇంకొకటి: ఈ పరీక్ష చేస్తే దీర్ఘకాలిక ప్రోస్టేట్ బాధలున్న పదిమందిలో తొమ్మిదిమందికి బాక్టీరియా దొరకనే దొరకలేదు, మరి సాధించిందేమిటి? ఆ తొమ్మిదిమంది సంగతి తేల్చడమే ఈ పరీక్ష చేసిన పెద్ద మేలు అంటాను. వారి నొప్పి నిజమే, దాని మూలం వేరు. 1995లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు వర్గీకరణను సవరించినప్పుడు బాక్టీరియా లేని ఈ బాధకు కటి నొప్పి అనే విడి వర్గం ఏర్పడింది. అంతకుముందు వాళ్లు నెలల తరబడి మింగిన యాంటీబయాటిక్‌లు చాలావరకు వృథా.

నాలుగు సీసాల పని తీరికలేని క్లినిక్‌లో సాగదన్న మాట మాత్రం ఒప్పుకోవాలి. ప్రోస్టేట్ ఒత్తడానికి ముందొకటి, తర్వాతొకటి, రెండు నమూనాలతోనే దాదాపు అదే ఫలితం వస్తుందని 2006లో తేలింది. అంటే ఆ వంక కూడా చెల్లదు. మన ఇళ్లలో మూత్రం చురుక్కుమంటే వేడి చేసిందని బార్లీ నీళ్లు తాగుతారు, తగ్గకపోతే మందుల షాపులో అడిగి పాత మాత్రలే మళ్లీ వేసుకుంటారు. రెండోసారి బాధ తిరగబెట్టిన మగవారికి నా విన్నపం ఒక్కటే: యాంటీబయాటిక్ మొదటి మాత్ర మింగకముందే మూత్రం కల్చర్‌కు ఇవ్వండి, పాత రిపోర్టు వెంట తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి.