అమ్మకి సెలవిచ్చే పిన్ని

మన ఇళ్ళల్లో పిల్లల తల్లి ఏ పెళ్ళికో, పురిటికో ఊరు వెళ్ళాల్సి వస్తే ఏం చేస్తాం? పిన్నికో మేనత్తకో కబురు పెడతాం. ఆవిడ సంచీ సర్దుకుని దిగుతుంది. నాలుగు రోజులు వండి పెట్టి, జడలు వేసి, తగువులు తీర్చి, తల్లి రాగానే కాఫీ తాగి బస్సెక్కేస్తుంది. ఆవిడ చేసిన దానికి మనం ఏ పేరూ పెట్టం. కానీ ఇల్లే లేని పిల్లల కోసం కట్టిన ఇళ్ళల్లో అదొక ఉద్యోగం. దానికో చరిత్ర కూడా ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఆస్ట్రియాలో దిక్కులేని పిల్లలు ఎందరో. అప్పట్లో అలాంటి పిల్లలకి దొరికే నీడ పెద్ద పెద్ద శరణాలయాలు. పొడుగాటి హాలు, వరసగా మంచాలు, గంట కొడితే భోజనం. అలా కాదు, పిల్లలకి కావలసింది ఇల్లు అంటూ 1949లో హెర్మన్ గ్మైనర్, మరికొందరు కలిసి ఎస్.ఓ.ఎస్. సంస్థను స్థాపించారు. నెలకొక్క షిల్లింగు ఇవ్వండి చాలు అని జనాన్ని అడిగారు. టిరోల్ కొండల్లో ఇమ్‌స్ట్ అనే ఊళ్ళో మొదటి బాలల పల్లె లేచింది. అందులో మొదటి ఇంటి పేరు ‘శాంతి’. మొదటి తల్లి హెలెన్ డిడ్ల్. ఒక తల్లి, తోబుట్టువుల్లా కొందరు పిల్లలు, ఒక ఇల్లు, అలాంటి ఇళ్ళన్నీ కలిసి ఒక పల్లె. ఇదీ పద్ధతి.

వినడానికి బాగానే ఉంది. మరి ఆ తల్లికీ జ్వరం వస్తుంది కదండీ! ఆవిడకీ సెలవు కావాలి కదా! అందుకే ‘టాంటె’ వచ్చింది. అంటే మన పిన్నో అత్తో అన్నమాట. తల్లి లేనినాడు ఇల్లు ఆవిడదే. తల్లి కావాలనుకునే వాళ్ళు ముందు కొన్నాళ్ళు ఇలా పిన్నిగా పనిచేసి నేర్చుకోవడం కూడా ఉంది. 1964లో ఆ సంస్థ మన దేశానికి వచ్చింది. మొదటి పల్లె ఢిల్లీ దగ్గర ఫరీదాబాదులో. తరవాత విశాఖపట్నం, హైదరాబాదుల్లోనూ వెలిశాయి. ఇక్కడ ఆవిడ ‘ఆంటీ’ అయింది.

ఈ పని పైకి కనిపించినంత తేలిక కాదు. దీపం ఆర్పితే నిద్రపోనిదెవరో, పెరుగు ముట్టనిదెవరో ఒక్కరోజులో తెలుసుకోవాలి. “అమ్మయితే ఒప్పుకునేది” అని పెద్దపిల్లలు పరీక్ష పెడతారు. ఒకసారి కన్నవాళ్ళు దూరమైన పిల్ల గనక, అమ్మ గడప దాటితే మళ్ళీ వస్తుందో రాదో అని బెంగ. వస్తుందని ఆ పిల్లకి నమ్మకం కలిగించడమే ఆంటీ అసలు పని. తనని మరీ ఎక్కువగా ప్రేమించేట్టు చేసుకున్నా తప్పే, పరాయిదానిలా ఉన్నా తప్పే!

ఆవిడ ఎందుకు కావాలో చెప్పే మరో సంగతి ఉంది. చెప్పడానికి నోరు రాదు, అయినా దాచకూడదు. 1986లో కన్నుమూసిన ఆ గ్మైనరే తన పల్లెల్లోని మగపిల్లల మీద, కనీసం ఎనిమిదిమంది మీద, లైంగిక అఘాయిత్యాలు చేశాడన్న ఆరోపణలు నమ్మదగ్గవేనని 2025లో ఆస్ట్రియాలోని ఆ సంస్థే బయటపెట్టింది. దశాబ్దాల తరబడి ఆయన్ని దేవుడిలా చూశారు. దేవుడి మీద పిల్లలు ఎవరితో ఫిర్యాదు చెప్పుకుంటారు?

అందుకే ఎంత మంచి ఇల్లయినా ఒక్కరి చేతుల్లోనే ఉండకూడదు. అడపాదడపా వచ్చే మనిషికి మనం అలవాటుపడి చూడనిది కనిపిస్తుంది. అమ్మతో చెప్పలేనిది పిల్ల ఒక్కోసారి పిన్నితో చెబుతుంది. విన్నది కడుపులో దాచుకోకుండా, చెప్పవలసిన చోట చెప్పే ధైర్యం ఆవిడకుండాలి.

మొదటి తల్లి పేరు చరిత్రలో ఉంది. ఆవిడకి సెలవిచ్చిన మొదటి పిన్ని పేరు మాత్రం ఎవరూ చెప్పరు. ఆ మాటకొస్తే, మన ఇళ్ళకి వచ్చి వెళ్ళిన పిన్నుల లెక్క మనమైనా ఎక్కడ రాసుకున్నాం?