గాలిని గెలిచారు, మరి నీటిని?

మారిషస్ అంటే నాకు హనీమూన్ ప్యాకేజీ తప్ప ఇంకేం తెలీదు. మొన్న మా టీములోని మారిషస్ కుర్రాడు "మా దేశంలో అన్నీ కాంక్రీటు డబ్బాలే, ఎందుకో తెలుసా?" అన్నాడు. శని, ఆదివారాలు కూర్చుని చదివితే అదో పెద్ద కథ!

అక్కడ వేసవి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. సముద్రం వేడెక్కేదీ, తుఫాన్లు వచ్చేదీ అప్పుడే. మన భయమంతా అక్టోబరు, నవంబరుల్లో అయితే, భూమధ్యరేఖకి అవతలున్న వాళ్ళకి జనవరి నుంచి మార్చి దాకా.

అన్నట్టు, అక్కడి తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనేవారట. చెరుకు తోటల్లో కూలికి మనవాళ్ళు ఓడలెక్కింది కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో. ఆ కోరంగిని 1839లో తుఫాను ఊడ్చేసింది. తుఫాను సీమ నుంచి ఇంకో తుఫాను సీమకే వెళ్ళారన్నమాట.

1892 ఏప్రిల్ 29న వచ్చిన తుఫాను సుమారు 1200 మందిని పొట్టన పెట్టుకుంది. సీజన్ అయిపోవస్తోంది కదా, ఇంకేం వస్తుందిలే అనుకున్నారు. తుఫాను కన్ను రాజధాని పోర్ట్ లూయీ మీదకి వచ్చినప్పుడు గాలి ఆగింది, ఆ తర్వాత ఎదురు దిక్కునుంచి విరుచుకుపడింది.

1960 జనవరిలో 'అలిక్స్', ఫిబ్రవరి చివర్లో 'కరోల్'. కరోల్ గాలి గంటకి 256 కిలోమీటర్లు! చెక్క ఇళ్ళు, గడ్డి కప్పులు, రేకులు ఎగిరిపోయాయి. చెరుకు పంట సగానికి పైగా పోయింది. అప్పుడు మొదలైంది కాంక్రీటు. ప్రభుత్వమే వరసలు వరసలుగా ఇళ్ళు కట్టించింది. 1975లో 'జెర్వేజ్' 280 కిలోమీటర్ల వేగంతో వచ్చినా ప్రాణనష్టం 1892తో పోలిస్తే చాలా తక్కువ.

కథ సుఖాంతం అనుకున్నాను. కానీ 2013 మార్చి 30న తుఫానేమీ లేకుండానే, రెండు గంటల్లోపు 150 మిల్లీమీటర్ల వాన పడింది. పోర్ట్ లూయీ కొండల కింద ఉన్న ఊరు. కొండ నీళ్ళని ఇంకించుకోవాల్సిన నేల మీద సిమెంటూ తారూ ఉన్నాయి. 11 మంది చనిపోయారు, వాళ్ళలో కొందరు రోడ్డు కింది నడకదారిలో చిక్కుకున్నవాళ్ళు.

2024 జనవరి 15న 'బెలాల్' వచ్చింది. జనం పొద్దున్నే ఆఫీసులకి వెళ్ళాక వరద ముంచెత్తింది, వీధుల్లో కార్లు తేలాయి. హెచ్చరిక ఆలస్యమైందన్న గొడవలో వాతావరణ శాఖ అధిపతి పదవి వదులుకున్నారు. 1892లో దెబ్బతీసిన ధీమానే 2024లోనూ దెబ్బతీసిందేమో అనిపించింది నాకు.

కాంక్రీటు తప్పని నేననను, అది ప్రాణాలు కాపాడింది. కానీ మన భాషలో చెప్పాలంటే, పోయినసారి వచ్చిన బగ్ కి రాసిన ప్యాచ్ అది. గాలికోసం టెస్ట్ చేశారు, నీటికోసం చెయ్యలేదు. 2020 అక్టోబరులో హైదరాబాదులో మోకాటి లోతు నీళ్ళలో నడిచినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మనం కొన్న ఫ్లాట్ కింద ఒకప్పుడు ఏ చెరువు ఉండేదో మనలో ఎంతమంది అడిగాం? నేనైతే అడగలేదు.