శ్రోత ఎవరు? – బి.బి.సి. విదేశీ ప్రసారాల చరిత్ర

ఒక దేశం పరాయి దేశాలకు రేడియోలో ఏం చెబుతున్నదో చూసే ముందు, ఎవరితో, ఏ భాషలో చెబుతున్నదో చూడాలంటాను నేను. బి.బి.సి. చరిత్ర చదివితే ఈ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో తెలుస్తుంది.

1932 డిసెంబరు 19న బి.బి.సి. 'ఎంపైర్ సర్వీస్' ప్రారంభమైంది. ప్రసారాలన్నీ ఇంగ్లీషులోనే. వాటిని ఉద్దేశించింది వలసదేశాల ప్రజలకు కాదు, ఆ దేశాల్లో స్థిరపడిన, అధికారం చెలాయిస్తున్న తెల్లవారికి. ఆ క్రిస్మస్‌కు అయిదవ జార్జి చదివిన సందేశాన్ని రాసిచ్చినవాడు రడ్యార్డ్ కిప్లింగ్. సామ్రాజ్యం గొంతుకు సామ్రాజ్య కవే మాటలు సమకూర్చాడు.

మరి పాలితుల భాష ఎప్పుడు గుర్తుకొచ్చింది? పోటీదారు తయారైనప్పుడు. ముస్సోలినీ ఇటలీ 1934లో బారీ కేంద్రం నుంచి అరబ్బీ ప్రసారాలు మొదలుపెట్టి, క్రమంగా బ్రిటిష్ వ్యతిరేక ప్రచారాన్ని పెంచింది. దానికి జవాబుగా 1938 జనవరి 3న బి.బి.సి. అరబ్బీలో నోరు విప్పింది. హిందూస్థానీ వంతు యుద్ధం మొదలయ్యాక, 1940 మే 11న గాని రాలేదు.

అయితే ఇదంతా ప్రచారమేనని కొట్టిపారేస్తే సగం చరిత్రే అర్థమవుతుంది. అరబ్బీ తొలి వార్తల్లోనే, పాలస్తీనాలో బ్రిటిష్ సైనిక న్యాయస్థానం తీర్పుపై ఒక అరబ్బును ఉరితీసిన సంగతి చదివారు. విదేశాంగ శాఖకు అది మింగుడు పడలేదు. కాని శ్రోత కళ్లెదుట జరిగినదాన్ని దాచిపెడితే, ఆ తర్వాత చెప్పే దేన్నీ అతడు నమ్మడు. ప్రచారం నిలబడడానికే కొంత నిజం అవసరమైంది. ఈ వైరుధ్యంలోనే రచయితకు కొంత చోటు దొరికింది. అప్పట్లో భారతదేశానికి ప్రసంగాలు సిద్ధం చేస్తున్న జార్జ్ ఆర్వెల్, అభ్యుదయ రచయితల సంఘ స్థాపకుల్లో ఒకరైన ముల్క్ రాజ్ ఆనంద్‌ను 1942లో మైకు ముందుకు పిలిచాడు. అదే ఏడు ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం మన జాతీయ నాయకులను జైళ్లలో పెట్టింది.

చోటు దొరికినా పగ్గం మాత్రం వదలలేదు. అప్పట్లో విదేశీ ప్రసారాలకు డబ్బిచ్చింది ప్రభుత్వమే. 1956 సూయజ్ యుద్ధంలో ఈడెన్ ప్రభుత్వం వాటిపై ఒక విదేశాంగ అధికారిని తెచ్చి కూర్చోబెట్టింది. అయినా యుద్ధాన్ని తప్పుపట్టిన ప్రతిపక్ష నాయకుడు గైట్‌స్కెల్ ప్రసంగం ప్రసారమైంది.

1975–77 ఎమర్జెన్సీలో మన పత్రికలకు సెన్సారు సంకెళ్లు పడ్డప్పుడు, ఒకనాటి పాలకుల రేడియోలో మన దేశపు వార్తలు వెతుక్కున్నవాళ్లు ఎందరో. అది బి.బి.సి. గొప్పతనమని నేననను. సొంత రేడియో నోరు నొక్కిన ప్రభుత్వమే తన ప్రజలను పరాయి రేడియో దగ్గరికి పంపింది.

2020 జనవరి 31తో హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆగిపోయాయి. 1932లో శ్రోత ఎవరో నిర్ణయించింది లండనే, 2020లోనూ లండనే. ప్రసార చరిత్రను కేంద్రాల పేర్లతో, తేదీలతో రాస్తే చాలదు. వినేవాడికి ఆ నిర్ణయంలో ఎంత పాలు దక్కిందో కూడా రాయాలి.