సంతకు వెళ్ళిన కథలు

చదివినవాడు పశువుల వెంట నడచినచో చదువు వ్యర్థమయ్యెనని మనలో పలువురు తలంతురు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రవాసి జాన్ ఎరిక్సన్ చరిత్రము ఈ తలంపు సరికాదని తెలుపుచున్నది.

ఈతడు 1943లో మిడ్‌లాండున జన్మించి, పెర్రిటన్ అను చిన్నపట్టణమున పెరిగెను. 1966లో టెక్సాసు విశ్వవిద్యాలయమున పట్టము పొంది, హార్వర్డునందు మతశాస్త్రము చదివెను. పిమ్మట గుఱ్ఱమెక్కి పశువుల మందలను కాచెను. తెల్లవాఱకమునుపే లేచి వ్రాయుచుండెను. ప్రచురణకర్తలు ఆ వ్రాతలను త్రిప్పి పంపిరి. అంతట 1982లో అప్పు తెచ్చి తానే ప్రచురణాలయము నెలకొల్పెను. గొప్పలు చెప్పుకొనుచు అడుగడుగునను పొరపడు హాంకు అను కాపలాకుక్క కథలు 1983లో పుస్తకరూపమున వెలువడెను. ఎరిక్సన్ వానిని పశువుల సంతలకు గొనిపోయి, పుస్తకములు కొను నలవాటు లేనివారికి అమ్మెను.

ఇంతటితో ఆగక, బడులకు పోయి పిల్లలకు కథలు వినిపించెను. పాత్రలన్నిటికిని తానే గొంతు మార్చి పలుకుచు, బాంజో అను తంత్రీవాద్యము మీటి పాడుచు, ఆ కథలను ధ్వనిముద్రణము చేయించెను. 2017 మార్చిలో కార్చిచ్చు ఆయన యింటిని దహించినను వ్రాత మానలేదు.

ఉపాధ్యాయులమైన మేము అప్పగింతకొఱకే పిల్లలచేత పుస్తకము పట్టించితిమి. దోషము మాది. చదువుపై ప్రీతి మొదట చెవిలో పుట్టును. రాత్రి భోజనమైన పిదప తల్లియో తండ్రియో ఒక కథ పైకి చదివినచో, మఱునాడు ఆ పుస్తకమును పిల్లవాడే వెదకికొనును.