గుత్తి సాలెపురుగు స్వగృహమెచ్చట?

ఘనపూర్ అనగానే ఓరుగల్లు సీమవారు "ఏ ఘనపూరు?" అని అడుగుదురు. కాజీపేట నుండి సికింద్రాబాదు పోవు రైలుమార్గమున నున్నది స్టేషన్ ఘనపూర్. కాకతీయులనాటి కోటగుళ్లున్నది ములుగు ఘనపూర్. మొదటి యూరికి రైల్వే స్టేషనే ఇంటిపేరైనది. అయినను స్టేషనులో కనబడినవారెల్ల ఆ యూరివారు కారు. ఈ మాట ఒక సాలెపురుగు విషయమున నూరేండ్ల తరువాతగాని రుజువు కాలేదు.

అనంతపురం మండలమందలి గుత్తిలో, రైల్వే కలప యార్డున ఒక్క ఆడ సాలెపురుగు దొరికినది. ఆర్. ఐ. పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానిని 1899లో వర్ణించి, లోహమువలె మెరయు దాని నీలవర్ణమునుబట్టి పీసిలోథీరియా మెటాలికా అని పేరిడెను. ఇది టరంటులాల కుటుంబములోనిది. లోకమున దానికి గుత్తి టరంటులా యను పేరే స్థిరపడినది. అటుపిమ్మట శతాబ్దకాలము అది శాస్త్రజ్ఞుల కంటబడలేదు. తుదకు 2001లో ఆండ్రూ స్మిత్ అను పరిశోధకుడు నంద్యాల, గిద్దలూరుల నడుమనున్న అడవిలో దానిని మరల కనుగొనెను. గుత్తికిని ఆ యడవికిని సుమారు నూరు కిలోమీటర్ల దూరము! కలప దుంగలలో దాగి, రైలెక్కి, గుత్తిలో దిగినదని విజ్ఞుల యూహ.

దాని నడవడి తెలిసినవారికి ఈ యూహ వింతగొలుపదు. అది నేలపై బొరియ త్రవ్వదు. పెద్దచెట్ల తొఱ్ఱలలో పట్టుదారములల్లి కాపురముండును. చీకటిపడిన పిదప తొఱ్ఱ వాకిట నిలిచి, పురుగుల యలికిడిని కాళ్ల రోమములతో పసిగట్టి, మెరపువలె పైబడును. వెలుతురు సోకిన మరుక్షణమే లోపలికి దూరును. పెరుగునప్పుడెల్ల పాముకుబుసమువలె పైపెంకును విడుచును. ఊడిన కాలు సైతము ఆ సమయమున మరల మొలచును. ఆడది పదేండ్లకు పైగా జీవించును. మగది ఈడు వచ్చినంతనే తొఱ్ఱ విడిచి జతకై తిరిగి, కొలదికాలములోనే మరణించును. దాని నీలిమ రంగుపదార్థమువలన గలిగినది కాదు. రోమములలోని అతిసూక్ష్మ నిర్మాణముపై వెలుగు పడుటవలన పుట్టినది.

ఇందు పెక్కు విషయములు అడవిలోకంటె గాజుపెట్టెలలోనే కన్నులార చూడబడినవి. ఐరోపా, అమెరికా ఖండములలో ఔత్సాహికులు దీనిని పెంచి, పిల్లలను పుట్టించుచున్నారు. పెంపుడు ప్రాణి యన్నంతమాత్రమున మచ్చికయగునని తలపరాదు. దీని కాటు ప్రాణాంతకమని వినబడలేదుగాని, తీవ్రమైన నొప్పియు, కండరముల పట్టివేతయు కలిగించును. చూచుటకే గాని చేతబట్టుటకు తగినది కాదు.

పరదేశపు గాజుపెట్టెలలో వంశము పెరుగుచుండగా, స్వదేశమున దాని యునికియే సంశయములో పడినది. నూరు చదరపు కిలోమీటర్లకన్న తక్కువ మేర అడవియే దానికి మిగిలిన ఆవాసమనియు, వంటచెరకునకు, కలపకు చెట్లు నరకుటవలన అదియు చెడుచున్నదనియు గుర్తించి, 2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దీనిని అత్యంత ప్రమాదస్థితిలోనున్న జాతుల పట్టికలో చేర్చినది. 2019లో ఈ ప్రజాతి సాలెపురుగుల అంతర్జాతీయ వ్యాపారము సైటిస్ ఒడంబడిక నియంత్రణకు లోబడినది. కాని వ్యాపారమును అరికట్టిన మాత్రమున తొఱ్ఱ నిలువదు. ముసలిచెట్టు నిలిచిననే తొఱ్ఱ నిలుచును.

తెలుగువారికి సాలెపురుగు పరాయిది కాదు. శ్రీకాళహస్తి నామములో 'శ్రీ' యనగా సాలెపురుగే. శివునికి గూడల్లిన భక్తురాలిగా దానిని మనము తరతరములుగా తలచుచున్నాము. అట్టి మనము, నల్లమల చేరువ అడవిలో ఎండు తొఱ్ఱగల ముసలిచెట్టును చూచినపుడు దానిని వంటచెరకుగానే యెంచరాదు. నూరేండ్లకు తెలియవచ్చిన ఆ చిరునామాలో ఇల్లును నిలుపవలసినవారము మనమే.