శుభలేఖలతో రైలుపెట్టె

మా అత్తయ్యగారు పెళ్లి శుభలేఖ దేన్నీ పారేయనిచ్చేవారు కాదు. మూలల్లో పసుపు ఉంటుంది, చెత్తబుట్టలో వేయకూడదనేవారు. అలా ఇరవై ఏళ్ల శుభలేఖలు కట్టగా అల్మారా పై అరలో ఉండిపోయాయి. ఆవిడ పోయి రెండేళ్లయినా ఆ కట్ట జోలికి నేను వెళ్లలేదు.

మొన్న వేసవి సెలవుల్లో మా అబ్బాయి పట్టాల మీద నడిచే బొమ్మ రైలు కావాలని పట్టుబట్టాడు. ధర చూసి మావారూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం. "అట్టతో చేసుకుందాంరా" అన్నాను. "అట్టదా? అది ఉత్తుత్తి రైలమ్మా!" అని మూతి ముడిచాడు. వాడికి చెప్పడం కోసం చదవడం మొదలుపెడితే, చివరికి నాకే ఆసక్తి పుట్టింది.

కాగితం బొమ్మలది పెద్ద చరిత్రే అండీ. ఫ్రాన్సులోని ఎపినాల్‌లో 1796లో పెట్టిన పెల్లెరిన్ వారి అచ్చుశాల, జర్మనీలోని ఎస్లింగెన్‌లో 1831లో పెట్టిన ష్రైబర్ ప్రచురణశాల, కత్తిరించి అతికించుకునే బొమ్మల షీట్లు అచ్చువేసి అమ్మాయి. ఖరీదైన బొమ్మ కొనలేని ఇంట్లో కూడా కత్తెరా జిగురూ ఉంటాయి కదా!

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఉన్నవాళ్లకీ అదే గతి అయింది. ఇనుమూ రాగీ యుద్ధానికి కావాలని 1942లో అమెరికాలో లోహపు బొమ్మల తయారీ ఆపించారు. బొమ్మ రైళ్లకు పేరుమోసిన లయొనెల్ కంపెనీ 1943 క్రిస్మస్‌కి మొత్తం అట్టతోనే ఒక గూడ్సు బండి తెచ్చింది. ముక్కలు రెండు వందల పైనే. దాన్ని కూర్చడం మహా కష్టమని పేరు పడింది. పండగ పూట బల్ల చుట్టూ కూర్చుని తంటాలు పడ్డ ఆ తల్లిదండ్రుల్ని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. అదే కాలంలో బ్రిటన్‌లో జెఫ్రీ హైవే అనే ఆయన మైక్రోమోడల్స్ పేరుతో పోస్టుకార్డంత అట్టల మీద భవనాలూ రైలింజన్లూ అచ్చువేసి అమ్మాడు. పనిముట్లతో సహా అంతా ఒక చుట్టల పెట్టెలో పట్టేస్తుందన్నది వాళ్ల ప్రచారం.

ఇంజను కంటే ప్రయాణికుల పెట్టె అట్టకి బాగా కుదురుతుంది. గోడలు చదును, కిటికీలు వరస. మనం ఏళ్ల తరబడి ఎక్కిన పెట్టె మద్రాసు పెరంబూర్‌లోని ఐసీఎఫ్‌ది. స్విట్జర్లాండ్ వాళ్ల సాయంతో కట్టిన ఆ ఫ్యాక్టరీని 1955 అక్టోబర్ 2న నెహ్రూగారు ప్రారంభించారు. ఆ పాత నమూనా పెట్టెల తయారీ 2018లో ఆగిపోయింది. దాని పొడవు 21.3 మీటర్లు. బొమ్మ రైళ్లకి వాడే 87వ వంతు కొలతలో ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు. అంటే పక్కగోడ ఏ4 కాగితం మీద హాయిగా పడుతుంది.

మామూలు కాగితంతో చేస్తే గోడలు వంగిపోయాయి. మా మామయ్యగారు రైల్వేలో పెట్టెల మరమ్మతు ఫిట్టరుగా రిటైరయ్యారు. అత్తయ్యగారు పోయాక ఆయన మాటే తగ్గిపోయింది. ఆ రోజు మాత్రం లేచి వెళ్లి, ఆ శుభలేఖల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టారు. నేను వద్దనబోయాను. "మీ అత్తయ్య దాచింది వాడుకోడానికేనమ్మా" అన్నారు.

రెండు శుభలేఖలు కలిపి అతికించి, రాత్రంతా బియ్యం డబ్బా కింద పెడితే గోడలు వంగలేదు. పైకప్పు వంపు చపాతీ కర్ర మీద చుడితే వచ్చింది. మా వాడు లోపల ఎనిమిది గదులు కట్టాడు. "స్లీపర్‌లో 72 బెర్తులు, గదికి ఎనిమిది. మరి ఎన్ని గదులుండాలిరా?" అన్నారు తాతయ్య. తొమ్మిది! మళ్లీ మొదలుపెట్టాం. ఆ వారమంతా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు.

పెట్టె ఇప్పుడు టీవీ పక్కన ఉంది. తిరగేస్తే అడుగున బంగారు అక్షరాల్లో మా ఆడపడుచు పెళ్లి ముహూర్తం కనిపిస్తుంది. మామయ్యగారు రోజూ ఒకసారి దాన్ని తిరగేసి, చూసి, మళ్లీ జాగ్రత్తగా పెడతారు.