షహ్, చెక్, చెక్కు

పొద్దున్నే పేపర్లో ఒక హెడ్డింగ్: దళారులకు చెక్. ఆఫీసుకెళ్తే నా కోడ్ కింద టీమ్ లీడ్ కామెంట్: "నల్ చెక్ లేకుండా ఎలా చెక్-ఇన్ చేశావ్?" అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఫోన్ చేసి, "మెయింటెనెన్స్ చెక్కు మీద సంతకం మర్చిపోయారండీ" అన్నాడు. ఇంటికొచ్చాక మా ఆవిడ బీరువా ముందు నిలబడి, "ఇంకెన్ని చెక్స్ చొక్కాలు కొంటావు?" అంది. ఇవన్నీ ఒకే రోజు జరిగాయంటే మీరు నమ్మరు. నిజమే, ఒక వారం పట్టింది.

ఇంగ్లిష్‌లో ఒక మాటకి పది అర్థాలుండటం వింతేమీ కాదు. చాలాసార్లు అవి వేర్వేరు మూలాల నుంచి వచ్చి, స్పెల్లింగు దగ్గర మాత్రమే కలుస్తాయి. చెక్ అలా కాదు. బ్యాంకు చెక్కు, చొక్కా మీద గళ్ళు, కోడ్‌లో తనిఖీ, పేపర్లో హెడ్డింగు అన్నీ ఒకే ఇంటి పిల్లలు. ఇంటిపెద్ద ఇంగ్లిష్‌వాడు కాదు. పర్షియన్‌లో రాజుకి ఉన్న పేరు: షాహ్.

ఈ సంగతి నాకు చిన్నప్పుడే తెలియాల్సింది. మా తాత నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నాడు. వేసవి సెలవుల్లో నాతో చదరంగం ఆడుతూ నా రాజు మీదికి వచ్చినప్పుడల్లా "షహ్" అనేవాడు. నన్ను గమ్మునుండమంటున్నాడేమో అనుకుని నోరు మూసుకునేవాణ్ణి. "నోరు కాదు బిడ్డా, రాజును చూసుకో" అనేవాడు.

చతురంగం అంటే ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం. ఆ ఆట మన దగ్గర నుంచి పర్షియా వెళ్ళి చత్రంగ్ అయింది. అరబ్బులు పర్షియాని గెలిచాక షత్రంజ్ అయింది. ఆట పేరు మన దగ్గర పుట్టినా, రాజు మీద దాడి జరిగినప్పుడు అరిచే మాట మాత్రం పర్షియన్‌లోనే నిలిచింది. అది అరబ్బుల ద్వారా యూరప్ చేరి, ఫ్రెంచ్‌వాళ్ళ నోట 'ఎషెక్' అయి, ఇంగ్లిష్‌లో చెక్‌గా దిగింది. ఆ ఫ్రెంచ్ మాటకి బహువచనమే చెస్. అంటే చెస్ అంటే అక్షరాలా 'రాజులు' అన్నమాట. షాహ్ మాత్ చెక్‌మేట్ అయింది. దానికి 'రాజు చచ్చాడు' అని అర్థం చెప్తుంటారు గానీ, పర్షియన్‌లో మాత్ అంటే దిక్కుతోచకపోవడం. అరబిక్‌లో చావుకి అలాంటి మాటే ఉండబట్టి ఆ కథ పుట్టింది.

ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటుంది. షహ్ అనడం మర్యాద. రాజుగారూ, మీమీదికి వస్తున్నారు, తప్పుకోండి అని ముందే చెప్పడం. మిగతా పావుల్ని ఎవరూ హెచ్చరించరు, చప్పుడు లేకుండా తీసి పక్కన పెడతారు. హెచ్చరిక విన్న రాజు చేస్తున్న పని ఆపి తన సంగతి చూసుకోవాలి. అందుకే ఇంగ్లిష్‌లో ఆ మాట ముందు ఆగిపోవడం అయింది, తర్వాత ఆపడం, అదుపు చెయ్యడం, ఆ తర్వాత సరిగ్గా ఉందో లేదో చూడటం.

డబ్బులోకి ఎలా వచ్చిందన్నది వేరే దారి. పన్నెండో శతాబ్దపు ఇంగ్లండ్‌లో రాజుగారి ఖజానా లెక్కలు ఒక బల్ల మీద చూసేవాళ్ళు. దాని వివరాలు మనకి తెలుసు. ఖజానా అధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల చివర్లో దాని మీద లాటిన్‌లో గురుశిష్య సంవాదంలా ఒక పుస్తకం మొదలుపెట్టాడు. బల్ల పది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు. బిళ్ళలు జారి పడకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు అంచు. మీద నల్లటి గుడ్డ, దాని మీద గీతలు. కుడి నుంచి ఎడమకి పెన్నీలు, షిల్లింగులు, పౌండ్లు, ఇరవైలు, వందలు, వేలు. ఆ గళ్ళని చూస్తే చదరంగం బల్ల గుర్తొచ్చి, దానికి ఫ్రెంచ్‌లో చదరంగం బల్ల పేరే పెట్టారు. అదే ఎక్స్‌చెకర్. ముందున్న ఆ 'ఎక్స్', ఏదో లాటిన్ మాట అనుకుని తర్వాతివాళ్ళు తగిలించిన తోక. బ్రిటన్ ఆర్థికమంత్రి ఇవాళ్టికీ ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకరే.

ఏడాదికి రెండుసార్లు షెరీఫ్‌లు వచ్చి ఆ బల్ల ముందు కూర్చోవాలి. షెరీఫ్ అంటే కలెక్టరూ పోలీసు సూపరింటెండెంటూ కలిసిన మనిషి అనుకోండి. కట్టాల్సింది ఒక వరసలో, కట్టింది ఇంకో వరసలో బిళ్ళలుగా పేరుస్తారు. అందరి కళ్ళ ముందే తీసివేత. అక్షరం రాని షెరీఫ్‌కి కూడా తన బాకీ కనబడుతుంది. రోమన్ అంకెలతో తీసివేతలు చేసి చూడండి, ఆ బల్ల ఎందుకు కావాల్సొచ్చిందో తెలుస్తుంది. చదరంగం ఇండియా నుంచి ఇంగ్లండ్ చేరిపోయింది గానీ సున్నా ఇంకా దారిలోనే ఉంది. సున్నా బదులు ఖాళీ గడి. ఫిట్జ్‌నీల్ పోలిక గళ్ళ దగ్గర ఆగలేదు. చదరంగంలో ఇద్దరు రాజులు తలపడ్డట్టు ఇక్కడ ఖజానా అధికారి, షెరీఫ్ తలపడతారంటాడు. నా చొక్కా మీద గళ్ళ పేరు కూడా చదరంగం బల్లదే.

కట్టిన డబ్బుకి రసీదు ఏమిటంటే, చెక్క. నిజంగా చెక్కే. పుల్ల మీద గాట్లు పెట్టేవాళ్ళు: వెయ్యి పౌండ్లకి అరచేయంత, వందకి బొటనవేలంత, ఒక్క పౌండుకి బార్లీ గింజంత. తర్వాత గాట్ల మధ్యగా నిలువునా చీల్చి కట్టినవాడికొకటి, ఖజానాకొకటి. రెండూ అతికితేనే లెక్క సరి. చెక్క మీద చెక్కిన చెక్కు అని నాకు నవ్వొస్తుంది. మన చెక్కకీ వాళ్ళ చెక్కుకీ ఏ చుట్టరికమూ లేదు, వట్టి చప్పుడు పోలిక. ఈ పద్ధతి 1826 దాకా నడిచింది. 1834 అక్టోబర్ 16న పేరుకుపోయిన పాత పుల్లల్ని పార్లమెంటు కింది పొయ్యిల్లో వేసి కాలుస్తుంటే పార్లమెంటే తగలబడిపోయింది.

కాగితం వచ్చాక పుల్ల పని కౌంటర్‌ఫాయిల్ చేసింది. 18వ శతాబ్దం మొదట్లో ఎక్స్‌చెకర్ బిల్లుకి ఉండే ఆ ముక్కనే చెక్ అనేవాళ్ళు. ఎవరైనా అంకెలు దిద్దితే పోల్చి పట్టుకోవడానికి. మెల్లగా ముక్క పేరు కాగితం మొత్తానికి పాకింది. బ్రిటిష్ వాళ్ళు ఎక్స్‌చెకర్ మోజులో దాని స్పెల్లింగు మార్చారు, మనకీ అదే అంటించారు. అమెరికావాళ్ళు మార్చలేదు.

ఇంతకీ రాజుని ఎవరు ఆపాలి? 1672లో రెండో చార్లెస్ డచ్‌వాళ్ళ మీద యుద్ధానికి డబ్బు కావాలని ఖజానా చెల్లింపులు ఆపేశాడు. చరిత్రలో దాని పేరు స్టాప్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్. జనం దాచుకున్న సొమ్ముని రాజుకి అప్పిచ్చిన కంసాలి బ్యాంకర్లు కొందరు దివాళా తీశారు. రాజు పేరు మోసే బల్లకి రాజే షహ్ చెప్పాడు. వందేళ్ళు దాటాక అమెరికావాళ్ళు రాజే లేని రాజ్యాంగం రాసుకుని, 1787-88లో దాన్ని సమర్థిస్తూ వ్యాసాలు అచ్చు వేసినప్పుడు హామిల్టన్, మాడిసన్ ఇద్దరూ అధికారాన్ని అధికారమే ఆపడానికి ఈ మాటే వాడారు. షాహ్ అనే మాట షాహ్‌లు లేకుండా చెయ్యడానికి పనికొచ్చింది!

అందుకే మన పేపర్ల హెడ్డింగులతో నాకు పేచీ. ఇసుక దందాకు చెక్, నకిలీ విత్తనాలకు చెక్. పని పూర్తయిపోయిందనే వాళ్ళ ఉద్దేశం. దానికి మన దగ్గర మంచి మాటుంది, ఆటకట్టు. చెక్ అంటే ఆట నడుస్తోందని. ఎదుటివాడికి ఇంకో ఎత్తు వేసే హక్కుందని. ఆ లెక్కన హెడ్డింగు రాసినవాడు తెలియకుండానే నిజం రాస్తున్నాడేమో. దళారి ఒక గడి పక్కకి జరుగుతాడు. మనం పేజీ తిప్పేస్తాం.

తాత షహ్ అన్నాక నేనూ అదే చేసేవాణ్ణి, రాజుని పక్క గడిలోకి తోసి గెలిచినంత సంబరపడేవాణ్ణి. ఆయన తొందరపడేవాడు కాదు. ఇంకో నాలుగైదు సార్లు షహ్ అని, మాత్ అనే ముందు చుట్ట వెలిగించుకునేవాడు.

నల్ చెక్ పెట్టి మళ్ళీ చెక్-ఇన్ చేశాను. గురువారం అదే బగ్ ఇంకో ఫంక్షన్లోంచి వచ్చింది.